ఇంగ్లండ్‌లో ఫీజు కట్టే డే స్కూళ్లు నేషనల్ కరికులమే బోధించాలా?

అక్కర్లేదు, నేషనల్ కరికులం (ప్రభుత్వం నిర్ణయించే పాఠ్య ప్రణాళిక) చట్టప్రకారం తప్పనిసరి అయ్యేది స్థానిక కౌన్సిళ్ల అజమాయిషీలోని ప్రభుత్వ బడులకే. ఇండిపెండెంట్ స్కూలు ఫీజులతో నడుస్తుంది, సిలబస్ కూడా తనే ఎంచుకుంటుంది. అలాగని ఇష్టారాజ్యమేమీ కాదు. భాష, గణితం, సైన్సు, సాంకేతికత, సామాజిక అంశాలు, వ్యాయామం, కళలు అన్నిటికీ చోటివ్వాలని ప్రభుత్వ ప్రమాణాలున్నాయి. ఐఎస్‌ఐ (ఇండిపెండెంట్ స్కూళ్ల తనిఖీ సంస్థ) గానీ ఆఫ్‌స్టెడ్ (ప్రభుత్వ తనిఖీ సంస్థ) గానీ వచ్చి తనిఖీ చేస్తాయి.

లెక్కల పరీక్షే చూడండి. ఇయర్ 11లో, అంటే 15-16 ఏళ్ల వయసులో, ప్రభుత్వ బడి పిల్లలు జీసీఎస్‌ఈ అనే పరీక్ష రాస్తారు. చాలా ఇండిపెండెంట్ స్కూళ్లు దాని బదులు ఐజీసీఎస్‌ఈ, అంటే దాని అంతర్జాతీయ రూపం, రాయిస్తాయి. ఆ తర్వాతి చదువైన ఎ-లెవెల్స్‌లో చేరడానికి రెండూ పనికొస్తాయి.

తల్లిదండ్రులు పొరబడేది ఇక్కడే. స్కూళ్ల ఫలితాలపై సర్కారు ప్రకటించే పట్టికల్లో ఐజీసీఎస్‌ఈ చేరదు. దాంతో పేరున్న స్కూళ్లకు కూడా ఆ పట్టికల్లో సున్నా శాతం పడిన సందర్భాలున్నాయి. అది పిల్లలు తప్పారని కాదు, వాళ్లు రాసిన పరీక్షను లెక్కపెట్టలేదని. స్కూలు స్వయంగా ప్రకటించే ఫలితాల్లో 7 నుంచి 9 వరకు గ్రేడ్లు (9 అన్నిటికంటే పైది) ఎంతమందికి వచ్చాయో చూడటం మేలు.