గెడ్డకి మూడు పేర్లుంటే మూడూ రాయి: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. గెడ్డ (మనవైపు ఏరుని అలాగే అంటాం కదా) పేరు అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారని, జనమే కలిసి గీసుకునే మీ ఇంటర్నెట్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఏది ఎక్కించాలో తెలియక పని ఆపేశానని టెన్షన్ పడుతున్నావు. ముప్పై మూడేళ్ళు ఏజెన్సీ కొండల్లో సర్వేయరుగా గొలుసు లాగినవాణ్ణి, నాకిది కొత్త తలనొప్పి కాదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ ముగ్గురూ నిజమే చెప్పి ఉంటారు. నీకు ఇంకా తెలియాల్సింది ఎవరు ఎక్కడ నిలబడి ఆ పేరు చెప్పారన్నది.

నువ్వు తిరుగుతున్న చోటే చూడు. పెదబయలు, ముంచంగిపుట్టు వైపు జనానికి అది మత్స్యగెడ్డ. ఒడిశా సరిహద్దు దగ్గర జోలాపుట్ డ్యాముకు చేరేసరికి అదే నీళ్ళు మాచ్‌ఖండ్. 1955లో కరెంటు తీయడం మొదలుపెట్టిన ప్రాజెక్టుకి కూడా ఆ పేరే పెట్టారు. డుడుమ దగ్గర కిందికి దూకి, ఇంకా దిగువకు పోయాక సీలేరు అవుతుంది. చివరికి మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. ఆ శబరి తక్కువదా? పైన ఒడిశాలో దాన్ని కొలాబ్ అంటారు. మత్స్యగుండమే జనం నోట్లో నలిగి మాచ్‌ఖండ్ అయిందని అక్కడి పెద్దవాళ్ళు నాకు చెప్పారు. వినడానికి బాగుంది, కానీ అది మ్యాపులో రాసే విషయం కాదు.

దీన్ని ఎక్కించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మొత్తం నదికి సీలేరు అని పెట్టి, మిగతా రెండూ "ఆల్ట్ నేమ్", అంటే మారుపేరు, గడిలో పడేస్తారు. అప్పుడు కింద డొంకరాయి దగ్గర ఉన్నవాడు కూడా మత్స్యగెడ్డ అంటాడని అర్థం వస్తుంది. వాడు ఆ మాట వినైనా ఉండడు. గీతను ముక్కలు చెయ్యి. పేరు మారే చోట తెంపు. ఏ ముక్కకి ఆ ముక్క మీద బతికేవాళ్ళు పిలిచే పేరు పెట్టు. ఒకే చోట ఒకే నీళ్ళకి నిజంగా రెండు పేర్లు నడుస్తుంటేనే ఆల్ట్ నేమ్. రెండోది, మూడోది ఉంటే మధ్యలో సెమీకోలన్ పెట్టు. బ్రాకెట్లో ఇంకో పేరు, అడ్డగీత పెట్టి ఇంకో పేరు, ఇవి అసలు పేరు గడిలో వద్దు. వెతికేవాడికి దొరకవు, చూసేవాడికి చిరాకు.

మా కాలంలో ఈ రెండో గడే లేదమ్మా. నా బాధంతా అదే. ఒక ఊళ్ళో చెరువుని రికార్డులో ఒక దేవుడి పేరుతో రాశారు. ఊరంతా దాన్ని ఇంకేదో అంటుంది. నాతో గొలుసు పట్టే చైన్‌మన్ ఆ మాట చెప్పాడు కూడా. రాయడానికి చోటు లేదని వదిలేశాను. నాలుగేళ్ళ తర్వాత తుపానుకి ఆ చెరువు గట్టు తెగబోతోందని ఊరివాళ్ళు తమ పేరుతోనే కబురు పంపారు. జీపులో వచ్చినవాళ్ళు మ్యాపు తిరగేసి, ఆ పేరున్న చెరువు పక్క మండలంలో కనబడితే అక్కడికి పోయారు. మనుషులు పోలేదు, దేవుడి దయ. పొలాలు పోయాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, తెలిసింది నాకొక్కడికే. నీ ఫోన్లో ఇన్ని గడులు చూసినప్పుడు నాకు ఈర్ష్య అందుకే.

ఇక ఆ గడుల సంగతి. "నేమ్" అంటే జనం మామూలుగా వాడేది. మన దగ్గర అందులో ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలే కనబడుతున్నాయి. తెలుగు కోడ్‌తో విడి గడి ఉంది, అది ఎప్పుడూ ఖాళీగా వదలకు. "అఫీషియల్ నేమ్" సర్కారు కాగితాల మీది పేరు. 2015లో రాజమండ్రిని రాజమహేంద్రవరం చేశారు కదా, బస్సులో కండక్టరు ఇంకా రాజమండ్రి అనే అరుస్తాడు. "ఓల్డ్ నేమ్" ఇప్పుడు ఎవరూ అననిది. ఇక్కడే జాగ్రత్త. మహబూబ్‌నగర్‌కి పాలమూరు పాత పేరే, కానీ ఈరోజుకీ అక్కడివాళ్ళ నోట్లో ఉంది. పాతదైనంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. "లోక్ నేమ్", అంటే లోకల్ పేరు, కొంచెం ఇంట్లో పిలుపులాంటిది, మచిలీపట్నాన్ని బందరు అన్నట్టు. బందరు ఆల్ట్ నేమా, లోక్ నేమా అని మీవాళ్ళు గొడవపడితే నువ్వు దూరకు. ఏదో ఒక గడిలో ఉంటే చాలు.

ఎలా అడగాలో చెబుతాను, నాకు ఇందులోనే ఎక్కువ అనుభవం. వేలు చూపించి "ఇదేంటి?" అని అడిగావనుకో, "గెడ్డ" అంటారు. అడిగినవాడు దాన్నే పేరనుకుని గెడ్డ నది అని రాసుకుపోతాడు. అలాంటి ఘనకార్యాలు నేను కళ్ళారా చూశాను. "దీన్ని ఫలానా అంటారు కదా?" అనీ అడగకు. చదువుకున్న పిల్ల అడిగింది కదా అని మర్యాదకి అవునంటారు. పక్కకి కూర్చుని పని గురించి అడుగు. నిన్న పశువుల్ని ఎటు తోలారు, వాన పడితే ఏ దారి మూసుకుపోతుంది, అడ్డాకులు ఎక్కడ కోస్తారు. పేర్లు వాటంతటవే రాలతాయి. పశువుల కాపరిని అడుగు, నీళ్ళు మోసే ఆడవాళ్ళని అడుగు. సర్పంచి ఇంటి అరుగు మీద మొదలుపెడితే సర్పంచి చెప్పిన పేరే ఊరంతా చెబుతుంది. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురి నోట ఒకే పేరు వస్తే ఎక్కించు. ఒక్కరే అన్నారా, నోటుబుక్కులో ఉంచుకో. మార్పు ఎక్కించేటప్పుడు రాసే ఆ చిన్న వివరంలో "దిగువ ఊరి ఇద్దరు రైతులు, ఒక కాపరి, ఫలానా నెల" అని పెట్టు. వాళ్ళ పేర్లు మాత్రం వద్దు.

విన్నది ముందు తెలుగులో రాయి. ఇంగ్లీషు ఆ తర్వాత. ఇంగ్లీషు అక్షరాల్లో ద, డ ఒకటే, ల, ళ ఒకటే, కోటకీ కొత్తకీ ఒక్కోసారి తేడా మిగలదు. ఇంగ్లీషు బోర్డు చూసి తిరిగి తెలుగు చేస్తే ఊరు కాస్తా ఇంకో ఊరైపోతుంది. గెడ్డని వాగు చెయ్యకు. కిందటేడు ఎవరో మహానుభావుడు మనవైపు గెడ్డలన్నీ వాగులుగా దిద్దాడని నువ్వే చెప్పావు. మేఘాద్రి గెడ్డని మేఘాద్రి వాగు అంటే విశాఖలో ఆటోవాడు కూడా నవ్వుతాడు. రాయలసీమలో వంక, తెలంగాణలో వాగు, ఒర్రె, మనకి గెడ్డ. చిన్న చెరువుని మనవాళ్ళు బంద అంటారు, దాన్నీ దిద్దకు. ఆ చివరి మాట కూడా పేరులో భాగమే.

కొండల్లో కువి భాష మాట్లాడే ఇళ్ళలో, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇళ్ళలో కొండకి వేరే పేరు వస్తుంది. దాన్ని తెలుగు గడిలో తోసెయ్యకు. కువికీ, కోయకీ విడిగా భాషా కోడ్‌లున్నాయి. రాసింది ఆ ఊరి కుర్రాడి చేత ఒకసారి చదివించుకో. నేను వాళ్ళ పేర్లకి తెలుగు అర్థాలు తీసి "సరిచేసి" రాసిన రోజులున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సాలూరు పక్క కొటియా ఊళ్ళ మీదికి కూడా పోతానన్నావు. అక్కడ 21 ఊళ్ళ కోసం ఆంధ్రా, ఒడిశా ఎప్పటినుంచో కొట్లాడుకుంటున్నాయి. 2021లో మనవాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మన కాగితాల్లో గంజాయిభద్ర, వాళ్ళ కాగితాల్లో గంజేయిపదర్. మనకి పట్టుచెన్నూరు, వాళ్ళకి ఫటుసినేరి. అక్కడ పేరు రాయడమంటే ఒక పక్షాన నిలబడినట్టే చూస్తారు. తెలుగు పేరు తెలుగు గడిలో, ఒడియా పేరు ఒడియా గడిలో పెట్టి పక్కకి తప్పుకో. అసలు పేరు గడిని ముట్టుకునే ముందు అక్కడ ఇంతకుముందు మార్పులు చేసినవాళ్ళకి ఒక మెసేజ్ పెట్టు. వాళ్ళు దిద్దితే నువ్వు మళ్ళీ దిద్దడం, ఆ పేచీలోకి మాత్రం పోకు.

ఇంకోటి, ఇది నీకు ఎవరూ చెప్పరు. కొన్ని వీధులకి, గుంటలకి కులం పేరుతో పిలుపులుంటాయి. అందులో కొన్ని అవతలివాళ్ళు తిట్టుగా అనేవి. జనం వాడుతున్నారు కదా అని ఎక్కించకు. అక్కడ ఉండేవాళ్ళని అడుగు, మీరు ఏమంటారని. వాళ్ళు చెప్పిందే రాయి. ఇక్కడ మాత్రం ముగ్గురి లెక్క పనికిరాదు, వంద మంది బయటివాళ్ళు చెప్పినా సరే.

కంపెనీల మ్యాపులు చూసి పేర్లు కాపీ చెయ్యకూడదని నీకు తెలుసు, మళ్ళీ చెప్పను.

నా దగ్గర పాత ఫీల్డు నోటుబుక్కులు రెండున్నాయి. అట్టలు చెదలు పట్టాయి గానీ లోపల పెన్సిలు రాత బాగానే ఉంది. రికార్డులోకి ఎక్కని పేర్లన్నీ వాటిలోనే రాసుకున్నాను, ఆ చెరువు పేరుతో సహా. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇస్తాను. కానీ వాటిని చూసి తిన్నగా ఎక్కించెయ్యకు. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ పేర్లు ఇప్పటికీ ఎవరైనా అంటున్నారో లేదో వెళ్ళి విని రా. ఆ చెరువు దగ్గరికైతే నేనూ వస్తాను. బండి మెల్లగా తోలతానంటేనే.

మీ అమ్మకి చెప్పు, పసుపు అందింది.

ఇట్లు,
మామయ్య