చూడని సినిమా గురించి రాసేటప్పుడు

చి. అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నీకు పేపర్‌లో ‘ఈ వారం సినిమాలు’ శీర్షిక అప్పజెప్పారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు పంపిన మొదటి వారం కాపీ కూడా చదివాను. అదే శీర్షికను నేను విజయవాడలో కొన్నేళ్లు, ఆ తర్వాత హైదరాబాద్‌లో చాలా ఏళ్లు రాశాను కాబట్టి పనికొచ్చే మాటలు కొన్ని చెప్పగలను. కొన్ని చాదస్తంగా ఉంటాయి. పర్లేదు, చదువు.

ముందు నీ కాపీలోదే ఒక వాక్యం తీసుకుందాం. ‘యువతను ఆకట్టుకునే కథాంశానికి కుటుంబ విలువలు జోడించి, కమర్షియల్ హంగులతో తెరకెక్కిన ఈ చిత్రం అన్ని వర్గాల ప్రేక్షకులను అలరించనుంది.’ ఇది నీ వాక్యం కాదని నాకు తెలుసు. సినిమా ప్రచారం చూసే పీఆర్వో వాట్సాప్‌లో పంపిన నోట్‌లోది. ఇందులో ఏ సినిమా పేరు పెట్టినా అతుకుతుంది, దీనితో వచ్చిన చిక్కే అది. పైగా ‘అలరించనుంది’ అని నీకెవరు చెప్పారు? నువ్వింకా చూడలేదు. చాలాసార్లు ఆ నోట్ రాసిన మనిషి కూడా చూసి ఉండడు.

ఈ శీర్షికలో ఉన్న కష్టమంతా ఇదే. రివ్యూ రాసేవాళ్లు చూసి రాస్తారు, నువ్వు చూడకుండా రాయాలి. చూడలేదన్న సంగతి ఒక్క వాక్యంలో కూడా మరిచిపోకు. బాగుంటుందని చెప్పే హక్కు నీకు లేదు, బాగుండదని చెప్పే హక్కు అసలే లేదు. కానీ చూడకుండానే తెలిసేవి బోలెడు ఉంటాయి. తీసిందెవరు, ఆ మనిషి ఇంతకు ముందు ఏం తీశాడు, కథ ఎక్కడ జరుగుతుంది, సొంత కథా రీమేకా, ఎంతసేపు, సెన్సార్ సర్టిఫికెట్ ఏది, మన ఊళ్లో ఆడుతోందా లేదా. పై వాక్యం తీసేసి ఇలా రాసి చూడు (సినిమా నేను ఊరికే కల్పించింది): ‘గోదావరి లంకల్లో పడవ నడుపుకునే అన్నదమ్ముల కథ. పెద్దాడికి పెళ్లి కాదు, చిన్నాడు ఆగేలా లేడు. షార్ట్ ఫిల్మ్‌లు తీసిన దర్శకుడికి ఇది మొదటి సినిమా. 2 గంటల 11 నిమిషాలు, యూఏ 13+.’ ఇందులో పొగడ్త లేదు. అయినా వెళ్లాలో వద్దో చదివినవాళ్లకి ఒక అంచనా వస్తుంది.

కథ ట్రైలర్‌లో చూపించినంత వరకే చెప్పు. ట్రైలర్లలోనే సగం కథ చెప్పేస్తున్నారు, అది వాళ్ల ఇష్టం. రీమేక్ అయితే మాత్రం దాచకు. మలయాళంలోనో తమిళంలోనో ఓటీటీలో చూసేసినవాళ్లు మళ్లీ డబ్బు పెట్టి వెళ్లి, ఇంటర్వెల్‌లో నిన్ను తిట్టుకోకూడదు.

నీ సొంత అభిప్రాయం చెప్పుకోగలిగిన చోటు ఒకటుంది: పాటలు. సినిమా రాకముందే అవి బయటికొచ్చేస్తాయి, నువ్వు విని ఉంటావు. ‘రెండో పాట బాగుంది, మిగతావి ఇంతకు ముందు విన్నట్టే ఉన్నాయి’ అని ధైర్యంగా రాయొచ్చు. ఎవరైనా ఫోన్ చేసి గొడవపడితే, ‘విన్నాను కాబట్టి రాశాను’ అని చెప్పు.

ఇక తేదీల సంగతి. పోస్టర్ మీద తేదీ చూసి రాసేయకు. ‘ఆర్ఆర్ఆర్’ మొదట 2020 జూలై 30న అన్నారు. తర్వాత 2021 జనవరి 8, ఆపైన అక్టోబర్ 13, ఆపైన 2022 జనవరి 7. దేశమంతా తిరిగి ప్రమోషన్లు చేశాక, వారం కూడా లేదనగా మళ్లీ వాయిదా. చివరికి వచ్చింది 2022 మార్చి 25న. మొదటి వాయిదా తప్ప మిగతావి కోవిడ్ వల్ల కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. కానీ కోవిడ్ లేని రోజుల్లో కూడా ఒక పెద్ద సినిమా కదిలితే వరుసంతా కదులుతుంది. 2023లో ‘సలార్’ సెప్టెంబర్ 28 నుంచి డిసెంబర్ 22కి వెళ్లింది. ఆ దగ్గర్లో ముందే తేదీ వేసుకున్న ‘హాయ్ నాన్న’ డిసెంబర్ 7కి జరిగింది, ‘సైంధవ్’ సంక్రాంతికి వెళ్లింది. అసలే రద్దీగా ఉన్న 2024 సంక్రాంతిలో ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’, ‘సైంధవ్’, ‘నా సామిరంగ’ జనవరి 12 నుంచి 14 మధ్య దిగాయి, ‘ఈగల్’ ఫిబ్రవరి 9కి తప్పుకుంది. సెప్టెంబర్‌లో ఒకరు కదిలితే ఫిబ్రవరి దాకా సర్దుబాట్లన్నమాట. అందుకే ఒక వాయిదా వార్త రాగానే, ఆ ఖాళీలోకి ఎవరొస్తారు, కొత్త తేదీ నుంచి ఎవరు తప్పుకుంటారు అని వెంటనే వాకబు చెయ్యి. ఆ వారం నీ కాపీకి అసలు వార్త అదే అవుతుంది.

సెన్సార్ అయిందా, అడ్వాన్స్ బుకింగ్ తెరిచారా అన్నవి రెండూ చూసుకున్నాకే తేదీ రాయి. సోమవారానికి సెన్సార్ కాని సినిమా శుక్రవారం రాకూడదని లేదు, వచ్చినవీ ఉన్నాయి. కానీ అలాంటిదాన్ని ‘రావచ్చు’ అని రాయాలి తప్ప ‘వస్తోంది’ అని రాయకూడదు.

బుకింగ్ తెరిచినా ఒక గండం మిగిలే ఉంటుంది. ఫిలిం రీళ్ల రోజుల్లో, నెగెటివ్ మీద అప్పిచ్చిన ఫైనాన్షియర్ బాకీ తీరితే తప్ప ల్యాబ్ నుంచి ప్రింట్లు బయటికొచ్చేవి కావు. గురువారం రాత్రి విజయవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో అందరూ ‘బాక్సులు బయల్దేరాయా’ అని ఫోన్ల దగ్గరే కూర్చునేవారు. ఇప్పుడు బాక్సుల్లేవు, అప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. సినిమా హార్డ్ డిస్క్‌లోనో శాటిలైట్ మీదనో థియేటర్ సర్వర్‌లోకి ముందే చేరిపోతుంది, కానీ తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే డిజిటల్ కీని కేడీఎం అంటారు. ఏ సర్వర్‌కి పంపితే దాని మీదే, ఏ గంట నుంచి ఏ గంట దాకా అని రాస్తే అంతసేపే పనిచేస్తుంది. లెక్కలు తేలకపోతే కీ రాదు. టికెట్లు అమ్మేశాక, జనం గేటు దగ్గర నిలబడ్డాక మార్నింగ్ షో పడకుండా పోయేది ఇలాగే. గురువారం రాత్రి అనుమానం వస్తే పీఆర్వోని అడగకు, ‘అంతా క్లియర్ అండీ’ అనడమే ఆయన ఉద్యోగం. తెలిసిన థియేటర్ మేనేజర్‌కి ఫోన్ చేసి ‘కీ వచ్చిందా?’ అని అడుగు. ఆయన అబద్ధం చెప్పడు, చెప్తే పొద్దున్నే జనానికి సమాధానం చెప్పాల్సింది ఆయనే.

మన పేపర్ ఒక్క హైదరాబాద్‌లోనే చదవరు, అది గుర్తుంచుకో. నీ కాపీలో ‘ప్రపంచవ్యాప్తంగా ఘనంగా విడుదల’ అని ఒక సినిమా గురించి రాశావు. బుక్‌మైషోలో చూశాను, హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో రోజుకి ఒక్కో ఆట. నరసరావుపేటలో లేదు, మహబూబ్‌నగర్‌లో లేదు, శ్రీకాకుళంలో లేదు. యాప్‌లో ఈ మూడు నాలుగు ఊళ్లు మార్చి చూడటానికి పది నిమిషాలు పట్టదు. ‘ప్రస్తుతానికి హైదరాబాద్‌లో మాత్రమే’ అని రాస్తే నిర్మాతకి కోపం రావచ్చు, శ్రీకాకుళంలో పాఠకుడు మాత్రం ఊరికే థియేటర్ల చుట్టూ తిరగడు.

సర్టిఫికెట్ తప్పకుండా రాయి. సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించిన తర్వాత యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. యూఏ అంటే పిల్లల్ని రానివ్వరని కాదు, తీసుకెళ్లాలో వద్దో తల్లిదండ్రులు చూసుకోవాలని. ‘ఏ’ అయితే 18 ఏళ్లలోపు వాళ్లకి ప్రవేశమే లేదు. పండక్కి పిల్లల్ని వేసుకుని ఆటోలో వచ్చిన కుటుంబాన్ని గేటు దగ్గర ఆపితే ఆ అవమానం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నీ ఒక్క అక్షరంతో అది తప్పుతుంది. అలాగే పెద్ద సినిమాకి ప్రభుత్వం ప్రత్యేకంగా రేటు పెంచుకోనిచ్చి ఉంటే, ఎంత పెంచారో, ఎన్ని రోజులో రాయి. ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే ముందు చూసుకునేది ఆ లెక్కే.

ఇప్పుడు చిన్న సినిమాల గురించి. ఇది కొంచెం నిదానంగా చదువు.

పెద్ద సినిమా లేని శుక్రవారం ఆరేడు చిన్నవి ఒకేసారి దిగుతాయి. నువ్వేమో వాటన్నిటినీ చివర ‘వీటితో పాటు’ అంటూ ఒక్క వాక్యంలో పేర్లు కలిపి వదిలేశావు. కడబంతిలో కూర్చున్నవాళ్లకి వట్టి అన్నం వడ్డించినట్టుంది. పెద్ద హీరో సినిమా ఎప్పుడొస్తుందో నువ్వు రాయకపోయినా జనానికి తెలుసు. నీ శీర్షిక అవసరం ఆ ఆరేడింటికే ఉంది. 2023 మార్చి 3న ‘బలగం’ వచ్చింది. పరీక్షల కాలం, పెద్ద స్టార్ లేడు, దర్శకుడు వేణు అప్పటిదాకా కమెడియన్‌గానే జనానికి తెలుసు. విడుదలయ్యాక మాటా మాటా పాకి, తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూసేదాకా వెళ్లింది. నాకు ముందే తెలుసని ఇప్పుడు చెప్పేవాళ్లను నమ్మకు. ఏది ఆడుతుందో కనిపెట్టమని నేననడం లేదు, అది ఎవరి తరమూ కాదు. కానీ ఆ వారం ‘నవ్వించే వేణు దర్శకుడిగా తీసిన మొదటి సినిమా, పల్లెలో ఒక చావు చుట్టూ తిరిగే కథ’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు, దాని వంతు దానికి దక్కినట్టే. ప్రతి చిన్న సినిమాకీ అలాంటి వాక్యం ఒకటి దొరుకుతుంది. దొరక్కపోతే దర్శకుడికే ఫోన్ చెయ్యి. పెద్ద దర్శకులు ఎత్తరు గానీ చిన్నవాళ్లు ఎత్తుతారు, పాపం సంతోషపడతారు కూడా.

వరుస విషయంలో యాడ్ విభాగం నుంచి నీకు ఒత్తిడి వస్తుంది. ఫుల్ పేజీ యాడ్ ఇచ్చిన సినిమా పైన ఉండాలంటారు. అక్షర క్రమంలో పెట్టేస్తే గొడవ ఉండదని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు, న్యాయంగా కనిపిస్తుంది కానీ ఎవరికీ ఉపయోగపడదు. ఎక్కువ ఊళ్లలో ఆడేది ముందు పెట్టు. అడిగితే చూపించడానికి థియేటర్ల జాబితా నీ దగ్గర ఉంటుంది, ఆపైన వాదన ఉండదు.

డబ్బింగ్ సినిమాకి అసలు భాష, అక్కడ ఎప్పుడొచ్చిందో రాయి. ‘కాంతార’ కన్నడంలో 2022 సెప్టెంబర్ 30న వచ్చింది, తెలుగులో అక్టోబర్ 15న. ఆ రెండు వారాల టాక్ అప్పటికే ఇక్కడికి చేరిపోయింది. చూడకుండా రాసే ఈ శీర్షికలో, చూసినవాళ్ల మాట నీ చేతికి అందేది ఇలాంటప్పుడే, వాడుకో. రీ-రిలీజులు మాత్రం అన్నిటికన్నా చివర, ఒకే వాక్యం. 2022 ఆగస్టులో మహేశ్ బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ మళ్లీ వేసినప్పటి నుంచి ప్రతి హీరో పుట్టినరోజుకీ ఒకటి వస్తోంది. అభిమానుల సరదా నేను కాదనను, కానీ ఆ వెయ్యి మంది ఎలాగూ వెళ్తారు.

కలెక్షన్లు, ప్రీ-రిలీజ్ బిజినెస్ అంకెలు ఈ శీర్షికలోకి రానివ్వకు. ఇక్కడ వాటిని లెక్క తేల్చి అధికారికంగా చెప్పే వ్యవస్థ లేదు. పోస్టర్ మీద గ్రాస్ (టికెట్ల మీద వచ్చిన మొత్తం) అంటారు, సినిమా కొన్న బయ్యర్ షేర్ (పన్నులు, థియేటర్ ఖర్చులు పోగా మిగిలింది) అంటాడు, రెండూ కలిపి కొట్టుకునే పని అభిమానులది.

కాపీ శుక్రవారం కాకుండా గురువారం పొద్దున్నే వచ్చేలా మీ ఎడిటర్‌ని ఒప్పించు. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్ పడితే మనకది శుక్రవారం తెల్లవారుజాము. శుక్రవారం నీ శీర్షిక ఇంటి గుమ్మంలో పడే సమయానికి డాలస్‌లో ఉన్న మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో కథంతా చెప్పేసి ఉంటాడు. హైదరాబాద్‌లో కూడా గురువారం రాత్రే పెయిడ్ ప్రీమియర్లు వేస్తున్నారు. అవి ఉంటే ఎక్కడో, ఎన్ని గంటలకో నీ కాపీలోనే ఉండాలి.

ఇంకొకటి. నీ కాపీలో సినిమాటోగ్రాఫర్ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. పోస్టర్ మీద తెలుగులో ఎలా వేశారో చూసి అలాగే రాయి. పోస్టర్ మీద తెలుగే లేకపోతే, ఈ మధ్య అలాంటివే ఎక్కువ, ఆ మనిషినే అడుగు. వచ్చే వారం కాపీ మంగళవారం రాత్రికి పంపితే బుధవారం మధ్యాహ్నంలోగా చదివి ఫోన్ చేస్తాను. ఆలస్యమైతే నా కోసం ఆగకుండా డెస్క్‌కి ఇచ్చెయ్.

ఇట్లు,
మీ పెదనాన్న