ఉద్యోగం మానేసి పీజీ చదవాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పన్నెండేళ్లుగా నర్సరీ, కేజీ పిల్లలకు చెబుతున్నాను. ఉద్యోగం మానేసి పూర్వ ప్రాథమిక విద్యలో రెండేళ్ల పీజీ చేయాలనుంది. ఫీజు నా ఆరు నెలల జీతమంత. రిటైర్మెంట్ కోసం దాచింది తీయాలా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలా?

జవాబు: అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, అసలు ఉద్యోగం మానాలా అన్నది. మీరు ఫీజు లెక్కేశారు గానీ, రెండేళ్లు రాకుండా పోయే జీతాన్ని ఖర్చులో రాయలేదు. పెద్ద ఖర్చు అదే.

మీ నెల జీతం 100 అనుకుందాం. ఫీజు 600, పోయే జీతం 2,400, మొత్తం 3,000. పీజీ అయ్యాక జీతం 15 శాతం పెరిగినా, ఈ డబ్బు తిరిగి రావడానికి 200 నెలలు కావాలి. అప్పటికి మీకు 57 దగ్గర పడతాయి. వడ్డీ ఇంకా కలపలేదు. అదే ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చదివితే పోయేది ఫీజే కనుక, 40 నెలల్లో వచ్చేస్తుంది. చిన్నపిల్లల చదువు మీద పెట్టే డబ్బు సమాజానికి ఎంత లాభమో నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ లెక్కగట్టి చూపించారు. ఆ లాభం టీచర్ పే స్లిప్‌లో మాత్రం కనబడదు, ఏం చేస్తాం!

పార్ట్‌టైమ్‌లో ఒక చిక్కుంది. చాలా కోర్సుల్లో కొన్ని వారాల ప్రాక్టికమ్, అంటే స్కూల్లో పిల్లలతో పనిచేస్తూ పొందే శిక్షణ, ఉంటుంది, దానికి సాధారణంగా జీతం ఉండదు. అది మీ స్కూల్లోనే చేయొచ్చా అని చేరకముందే యూనివర్సిటీని అడగండి. కుదరదంటే ఆ వారాలకు స్కూలు సెలవిస్తుందా, ఈ డిగ్రీకి జీతం ఎంత పెంచుతుంది అన్నవి యాజమాన్యంతో కాగితం మీద రాయించుకోండి. ఫీజు తామే కడతామంటే, ఎన్నేళ్లు వదలకుండా పనిచేయాలో చూసి సంతకం పెట్టండి.

ఇక మీరడిగిన దానికి వస్తే, రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవద్దు. చదువుకు లోన్ దొరుకుతుంది గానీ, రిటైరయ్యాక ఇంటి ఖర్చులకు లోన్ దొరకడం కష్టం. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, ఫీజులో జీతం నుంచి కట్టగలిగినంత కట్టి, తక్కువ పడిందే లోన్ తీసుకోండి. చదువుతుండగానే వడ్డీ నెలనెలా కట్టేయండి, లేదంటే అది అసలులో కలిసి పెరుగుతుంది.

కరికులమ్ డిజైన్‌లోనో టీచర్ ట్రైనింగ్‌లోనో ఇప్పటికంటే 40 శాతం ఎక్కువ జీతానికి ఆఫర్ లెటర్ చేతిలో ఉంటే మాత్రం మానేయమనే అంటాను. అప్పుడు 3,000 తిరిగి రావడానికి 75 నెలలు చాలు.