పులుసు మరిగింది, విషం పోలేదు

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన కానాగంతలు పులుసు పెట్టాను. బాగా మరిగింది కూడా. తిన్న అరగంటకే మావారికి ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు. ఇక చేప పడదనుకోవాలా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: అప్పుడే అలా తేల్చేయకండి. చేప పాడవడమే కారణం కావచ్చు. కానాగంత, ట్యూనా వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక మొప్పల్లో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా కండలోకి పాకి దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. అలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యేదీ ఇదే. అందుకే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పులుసు మరిగితే బ్యాక్టీరియా చస్తాయి గానీ, అవి చేసిపెట్టిన హిస్టమిన్ చెక్కుచెదరదు. ఫ్రీజర్‌లో పెట్టినా అంతే. దానికి కుళ్లువాసన కూడా ఉండదు. నాలుక మీద మిరియంలా చురుక్కుమంటుంది, మన పులుసు కారంలో అదీ తెలియకపోవచ్చు.

కాబట్టి జాగ్రత్తంతా రేవు దగ్గరే పడాలి. ఎండలో ఐసు లేకుండా పోసిన చేప ఎంత చవకైనా కొనొద్దు. మొప్పలు, పేగులు అక్కడే తీయించి, కిలో చేపకు కిలో ఐసు లెక్కన పెట్టెలో వేసుకోండి. వేసవి మధ్యాహ్నం బండికి సంచి తగిలించుకుని ఊరంతా తిరిగి వచ్చే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. ఇంట్లో 4 డిగ్రీల లోపు ఉంచి, ఆ రోజే వండేయండి.

ఈ దద్దుర్లు మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. ఆయాసం గానీ, నాలుక వాపు గానీ ఉంటే మాత్రం క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఏ చేప, ఎన్నింటికి తిన్నారో డాక్టరుకు చెప్పండి. మళ్లీ చేప తినే ముందు అలర్జీ ఉందో లేదో ఆయనే తేల్చాలి.

ప్రశ్న: చద్దన్నం మంచిదంటారు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్న వేయించుకు తింటే నాకు వాంతులయ్యాయి. రెండూ రాత్రంతా బయట ఉన్న అన్నమే కదా?
– ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: ఆ అన్నంలో ముందుగా ఏ బ్యాక్టీరియా పెరిగిందన్నదే తేడా. బాసిల్లస్ సీరియస్ మట్టిలో బతికే బ్యాక్టీరియా. బియ్యంలో ఉండే దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. గిన్నెలో వెచ్చగా ముద్దగా వదిలేస్తే మొలకెత్తి విషం చేస్తాయి. ఆ విషం ఎంత వేయించినా పోదు. చద్దన్నంలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా నీళ్లను పులిపిస్తాయి, ఆ పులుపులో బాసిల్లస్ సరిగా పెరగలేదు. అయితే పులుపు ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది, ప్రమాదం ఆ మొదటి గంటల్లోనే. అందుకని అన్నాన్ని పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చండి. మునిగేలా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, గ్లాసు అన్నానికి రెండు చెంచాల పుల్లమజ్జిగ కలపండి. పొద్దున్నకు పుల్లటి వాసన రావాలి. రాకపోయినా, జిగురు సాగినా పారబోయండి. వేయించుకోవాలనుకున్న అన్నం వండిన రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

ప్రశ్న: జనవరిలో పెరుగు తోడుకోవడం లేదు.
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: పాలు 40 నుంచి 45 డిగ్రీలుండాలి, అంటే వేలు పెడితే ఓర్చుకోగలిగే వేడి. అర లీటరుకు ఒక చెంచా తోడు చాలు. కాగుతున్న పాలలో వేస్తే తోడులోని బ్యాక్టీరియా చస్తాయి, చల్లటి పాలలో కదలకుండా ఉండిపోతాయి. గిన్నెను హాట్‌ప్యాక్‌లో పెట్టి ఆరేడు గంటలు కదపకండి. తోడు ఎక్కువేస్తే త్వరగా గడ్డకడుతుంది గానీ పుల్లబడుతుంది.