రాయగడ: తగ్గిన మలేరియా రెండు నెలలకే తిరగబెట్టడం గురించి

మలేరియా మాత్ర క్లోరోక్విన్‌తో తగ్గిన జ్వరం మీ ఎనిమిదేళ్ళ బాబుకు రెండు నెలలకే తిరగబెట్టిందని అడిగారు. అలా జరిగిందంటే, కాలేయంలో దాగి ఉండిపోయిన వైవాక్స్ అనే రకం మలేరియా పరాన్నజీవి మళ్ళీ రక్తంలోకి వచ్చి ఉండవచ్చు. అయితే ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండప్రాంతాల్లో మరింత ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం మలేరియా ఎక్కువ కనుక, ఏ రకమో తేలకుండా పాత మాత్రలు మళ్ళీ వేయకండి.

1. ఈరోజే ఆశా కార్యకర్త వద్ద గాని, ఆరోగ్య కేంద్రంలో గాని రక్తపరీక్ష చేయించి, రకం పేరు చీటీపై రాయించుకోండి.

2. వైవాక్స్ అని తేలితే, చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలోని క్రిములనే చంపుతుంది. కాలేయంలో దాగినవాటికి ప్రైమాక్విన్ అనే మరో మాత్ర 14 రోజులు పూర్తిగా వేయాలి. జ్వరం ముందే పోతుంది గనుక మిగతా మాత్రలు ఇంట్లో అలాగే ఉండిపోతాయి. మందు ఇచ్చేవారు ఈ మాట నిదానంగా వివరించి తీరాలని నా అభిప్రాయం. ప్రైమాక్విన్ రోజూ అన్నం తిన్నాకే వేయండి. మొదలుపెట్టే ముందు జి-6-పిడి లోపం (ఈ మందుతో ఎర్ర రక్తకణాలు విరిగిపోయే పుట్టుకతో వచ్చే లోపం) గురించి వైద్యుడిని అడగండి; మధ్యలో మూత్రం ముదురు రంగుకు మారినా, కళ్ళు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

3. మీ భార్య గర్భవతి అన్నారు. ఆమెకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. జ్వరం వస్తే అదే రోజు పరీక్ష చేయించండి.