టెండర్‌లోనే ఐఈ4 అని రాయండి

ఏఈ గారూ, గుంటూరు పక్క మీ మంచినీటి పంపుకి 15 కిలోవాట్ల మోటారు కొనాలి, ఐఈ4 (ఐఈ అంటే మోటారు సామర్థ్యం గ్రేడు, అంకె పెరిగేకొద్దీ కరెంటు ఆదా) తీసుకుంటే ధర ఎక్కువని ఆడిట్‌వాళ్ళు అడుగుతారేమోనని కదా మీ భయం.

ఎల్‌1 నియమాన్ని (అందరికన్నా తక్కువ ధర చెప్పినవాళ్ళకే ఇవ్వాలన్నది) దాటక్కర్లేదు. సాంకేతిక వివరాల్లోనే 'ఐఎస్ 12615 ప్రకారం ఐఈ4' అని పెట్టండి (మోటార్ల సామర్థ్యానికి అదే భారత ప్రమాణం). అప్పుడు పోటీ ఐఈ4ల మధ్యే. కరెంటు ఖర్చూ కలిపి పోల్చాలంటే ఆ లెక్క కట్టే పద్ధతి టెండర్ పిలిచేముందే రాయాలి. బిడ్లు తెరిచాక మారిస్తే మాత్రం నిజంగానే చిక్కు.

నోట్ ఫైల్‌లో ఈ లెక్క పెట్టండి: నాలుగు పోల్స్ మోటారుకి ఐఈ2 సామర్థ్యం 90.6 శాతం, ఐఈ4కి 93.9. పూర్తి లోడుతో రోజుకి 16 గంటలు నడిస్తే ఏడాదికి దాదాపు 3,400 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలనుకున్నా 23 వేల పైమాటే. అది జనం పన్ను డబ్బు, పైగా అంత బొగ్గు తగలబడకుండా ఆగుతుంది.

ఒక్క జాగ్రత్త. ఐఈ4 మోటారు కాస్త వేగంగా తిరుగుతుంది, పంపు మీద లోడు పెరగొచ్చు. స్టార్టింగ్ కరెంటూ ఎక్కువే, బ్రేకర్ సరిచూడండి.

పాత మోటారుని రీవైండింగ్ చేయించి ఇంకో పంపుకి బిగించకండి, దయచేసి. గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి.