గప్పీ, మోలీ, ప్లాటీ అన్నీ ఒకే ట్యాంకులో వేస్తే కొత్త రకాలు పుడతాయా?

మూడడుగుల ట్యాంకులో గప్పీలు, మోలీలు, ప్లాటీలు, స్వార్డ్‌టెయిల్స్ అన్నీ కలిపి వేశాను, ఒకదాంతో ఒకటి కలిసి కొత్త రంగులు వస్తాయా, వస్తే అమ్ముకోవచ్చా అని కదండీ మీరడిగింది. కలిసి బతకడానికైతే ఏ ఇబ్బందీ లేదు, నాలుగూ గుడ్లు కాకుండా పిల్లల్ని పెట్టే చేపలే, నాలుగింటికీ కాస్త హార్డ్‌నెస్ ఉన్న నీళ్లే పడతాయి. కొత్త రంగుల సంగతే మీరనుకున్నంత ఈజీ కాదు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి, చేపల ప్యాకింగ్‌కి వాడేసిన థర్మాకోల్ పెట్టెలు ఈ చుట్టుపక్కల బోలెడు దొరుకుతాయి, పెరట్లో వాటిల్లోనే కొన్నేళ్లుగా పెంచుతున్నా, ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు ఏది దేంతో కలుస్తుందో చూడండి. గప్పీ, మోలీ పోసీలియా అనే వర్గం, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ జిఫోఫోరస్ అనే వర్గం. ఈ వర్గంలో మగది ఆ వర్గంలో ఆడదాని వెనకాల రోజంతా తిరిగినా పిల్లలు మాత్రం రావు. గప్పీకి మోలీకి ఎప్పుడో ఒకసారి వస్తాయి గానీ అవి చాలావరకు గొడ్డువి, ఆ లైను అక్కడితో సరి. గప్పీకి, దానికి దగ్గరి చుట్టమైన ఎండ్లర్ అనే చిన్న చేపకి అయితే చెప్పక్కర్లేదు, ఇట్టే కలుస్తాయి, పిల్లలకీ పిల్లలొస్తాయి, అందుకే ఎండ్లర్ అని అమ్మే చాలా చేపల్లో గప్పీ రక్తం ఉంటది. ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ కూడా అంతే, అడవిలో ఉండే స్వార్డ్‌టెయిల్ ఆకుపచ్చగా ఉంటది, షాపులో మీకు కనపడే ఎరుపు రంగు దానికి ప్లాటీతో కలిపి తెచ్చిందే. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది, వీపు రెక్క మీద నల్లమచ్చలున్న ప్లాటీని స్వార్డ్‌టెయిల్‌తో కలిపి, పుట్టినదాన్ని మళ్లీ స్వార్డ్‌టెయిల్‌కే వేస్తే కొన్ని పిల్లల్లో ఆ మచ్చ ఆగకుండా పెరిగి గడ్డ కడుతుంది, అది మెలనోమా అనే క్యాన్సర్. 1920ల చివర్లోనే అమెరికాలో గోర్డన్, జర్మనీలో కోస్విగ్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు దీన్ని పట్టుకున్నారు, ఆ చేపల మీద ఇప్పటికీ రీసెర్చ్ నడుస్తోంది. కాబట్టి మచ్చల ప్లాటీ ఉంటే స్వార్డ్‌టెయిల్స్‌కి దూరంగా పెట్టండి.

ఎక్కువమంది అడిగేది గప్పీల గురించే. రెడ్, కోబ్రా, టక్సెడో, ఆల్బినో అనే రకాలు తలా ఒక జత తెచ్చి ఒకే తొట్లో వదిలేస్తారు. మొదటి కాన్పు పిల్లలు పెద్దయ్యాక అబ్బో ఏం రంగులు అనిపిస్తాయి, నిజమే, ఆ తర్వాత తరం, ఆ పై తరం వచ్చేసరికి తోకలు పొట్టివై, ఒళ్లంతా బూడిద రంగు మీద అక్కడో చుక్క ఇక్కడో చుక్క మిగులుతుంది, డ్రైన్లలో దోమల కోసం వదిలే గప్పీలకీ వీటికీ పెద్ద తేడా ఉండదు. మన భీమవరం వైపు పుంజుల్ని పెంచేవాళ్లు ఏ పెట్టని ఏ పుంజుకి వెయ్యాలో చూసి వేస్తారు గానీ దొడ్లో ఉన్నవన్నీ కలిపి వదిలెయ్యరు కదండీ, ఇదీ అంతే. క్రాస్ చెయ్యాలనుంటే ముందు విడదీసి పెట్టడం రావాలి.

ఆ విడదియ్యడంలోనే ఉంది అసలు పనంతా. షాపులో కొన్న ఆడ గప్పీ ఖాళీగా రాదు, అక్కడి మగచేపల వీర్యం కడుపులో దాచుకునే వస్తది, ఒక్కసారి కలిస్తే నెలల తరబడి కాన్పు తర్వాత కాన్పు పెడుతూనే ఉంటది. మీ దగ్గర మంచి మగచేపని వేసినా మొదట వచ్చే పిల్లలకి తండ్రి ఎవడో చెప్పలేం. అందుకని మీ తొట్లో పుట్టిన ఆడపిల్లల్నే తీసుకోవాలి, అవీ మగవాటితో కలవకముందే. మూడో వారం నుంచి రోజూ చూడండి. గాజు గ్లాసులో ఒక్కో పిల్లని వేసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కడుపు కింద వెనక వైపు రెక్క కనపడుద్ది, ఆడదానికి అది విసనకర్రలా విచ్చుకుని ఉండి దాని పైన నల్లటి మచ్చ ఉంటది, మగదానికి అదే రెక్క సన్నబడి పుల్లలా వెనక్కి వాలుతుంది. డౌటుగా ఉన్నదాన్ని మగదనే అనుకుని పక్కకి వేసెయ్యండి. స్వార్డ్‌టెయిల్స్‌లో కొన్ని మగవి బాగా లేటుగా తేలతాయి, అంతదాకా ఆడవాటిలాగే ఉంటాయి, మా ఆడచేప మగదైపోయింది అని జనం చెప్పేది చాలావరకు ఇదే.

ఇంకోటి, గప్పీ మగవాటి రంగుల్లో చాలావరకు తండ్రి నుంచి కొడుక్కి నేరుగా వెళ్తాయి, మగవాటికే ఉండే వై క్రోమోజోమ్ మీద ఉంటాయి గనక. అంటే కోబ్రా మగదాన్ని రెడ్ ఆడదానికి వేస్తే వచ్చేదీ, రెడ్ మగదాన్ని కోబ్రా ఆడదానికి వేస్తే వచ్చేదీ ఒకటి కాదు, రెండు పెట్టెల్లో రెండు విధాలా వేసి చూసుకోండి. ఆల్బినో సంగతి వేరు. ఆల్బినోని మామూలుదానికి వేస్తే పిల్లలన్నీ మామూలు కళ్లతోనే పుడతాయి, ఇక్కడే చాలామంది క్రాస్ ఫెయిలైందని పారేస్తారు, పారెయ్యకుండా ఆ అన్నాచెల్లెళ్లనే మళ్లీ కలిపితే సుమారు నాలుగింట ఒకటి ఎర్ర కళ్లతో వస్తది. పెట్టె మీద మార్కర్‌తో తల్లి, తండ్రి, తేదీ రాసుకోండి, నెల తిరిగేసరికి మర్చిపోతాం. ఎప్పుడూ తోబుట్టువులతోనే లాగకండి, నడుం వంకరవి ఎక్కువవుతాయి, అదే రకం చేపని వేరే వాళ్ల దగ్గర్నుంచి మధ్యమధ్యలో తెచ్చి కలపాలి. బెలూన్ మోలీల జోలికి మాత్రం నేను వెళ్లను, వంకర నడుమునే అందం కింద అమ్ముతున్నారు.

పిల్లలకి మనవైపు ఉన్న సుఖం ఇంకెక్కడా లేదండి, ఆక్వా మందుల షాపులో అమ్మోనియా టెస్ట్ కిట్టూ దొరుకుద్ది, రొయ్య హేచరీలకి వాడే ఆర్టీమియా డబ్బా, అంటే పిల్లలకి మేతగా వేసే చిన్న ఉప్పునీటి పురుగుల గుడ్లు, అవి కూడా దొరుకుద్ది. లీటరు నీళ్లకి 25 గ్రాముల ఉప్పు వేసి గాలి పెడితే ఒక రోజుకి పొదుగుతాయి, ఉప్పు నీళ్లు వడకట్టి వెయ్యండి. గుర్రపుడెక్క వేళ్లలో పిల్లలు బాగా దాక్కుంటాయి, కాకపోతే కాలువలోంచి తెచ్చింది తెచ్చినట్టు వేస్తే జలగలూ తూనీగ పిల్లలూ వస్తాయి, తూనీగ పిల్ల ఒక్కటుంటే చాలు తెల్లారేసరికి గప్పీ పిల్లలు సగమవుతాయి. పటిక నీళ్లలో నానబెట్టి, కడిగి వెయ్యండి.

అమ్మకం అంటారా, కలగాపులగంగా పుట్టినవాటికి షాపువాళ్లు ఇచ్చేది కరెంటు బిల్లుకి కూడా రాదు. ఒకే రకం, ఒకే సైజు, ఒకే తోక ఉన్న జతలకైతే రేటు మీరు చెప్పొచ్చు. మిగిలిపోయినవాటిని దయచేసి కాలువలో కలపకండి, ఎవరో అక్వేరియంలోంచి వదిలిన దెయ్యం చేప ఇవాళ చెరువుల్లో రైతుల వలలు ఎలా చింపుతోందో చూస్తూనే ఉన్నాం.

మీది బోరు నీళ్లా కాలువ నీళ్లా రాయలేదు. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పబోరు అయితే మోలీలతో మొదలెట్టండి, వాటికి ఆ ఉప్పు హాయి. పంచాయతీ కుళాయి అయితే బ్లీచింగ్ వాసన పోయేదాకా ఒక రోజు ఆరుబయట ఉంచి వాడండి, వేసవిలో కాలువలు కట్టేసేలోపు రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకోండి.